బలిద్వీప నాట్యము



జావాకు తూర్పున, సన్నని జలసంధి కావల బలిద్వీపము గలదు. దాని వైశాల్యము సుమారు 5,780 చదరపు కిలోమీటర్లు. ఇండొనీషియా దేశమున అధిక సంఖ్యాకులు మహమ్మదీయులు. ఈ ద్వీపమున మాత్రము నూటికి ఎనుబదిమందికి పైగా హిందువులు. ఊరూర దేవాలయములు పెక్కులు. స్థానిక పంచాంగము ననుసరించి చాల ఆలయములకు 210 దినముల కొకపర్యాయము ఉత్సవము జరుగును. ధూపదీపములతోపాటు ఆనాడు నాట్యమును ఉండితీరవలెను. దానిని వారు నైవేద్యములలో నొకటిగా నెంచుదురు.

అచ్చటి ఆలయమునకు సాధారణముగ మూడు ప్రాంగణము లుండును. లోపలిది దేవతలది, వెలుపలిది జనులది, నడిమిది ఉభయులకును సంధిస్థానము. నాట్యములును ఈ క్రమముననే మూడు తెగలు. లోపలి ప్రాంగణమునకు చెందిన వానిని ‘వలి’ యందురు. రెజాంగ్ అను నృత్యమున గ్రామస్త్రీలు వరుసలు తీరి, మెల్లగ అడుగులిడుచు దేవతల నాహ్వానింతురు. సంఘ్యాంగ్ దెదరి యను దానిలో చిన్న బాలికలు ధూపము నడుమ పాట వినుచు పరవశులై, కన్నులు మూసికొనియే ఆడుదురు. నడిమి ప్రాంగణపు నాట్యములు ‘బెబలి’. ఇవి ఉత్సవమునకు తోడుగ జరుగు కథాప్రదర్శనములు. వెలుపలి ప్రాంగణమున జనుల వేడుకకై జరుగు లెగోంగ్, జోగెడ్ మున్నగునవి ‘బలిహ్-బలిహన్’.

ఈ విద్యను నేర్పు తీరు గమనింపదగినది. గురువు శిష్యురాలి వెనుక నిలిచి, ఆమె మణికట్టులు పట్టి, నడుము వంచి, తల త్రిప్పి నేర్పును. మాటలతో చెప్పునది స్వల్పము. మోకాళ్లు వంగి, మోచేతులు భుజములంత యెత్తున నిలిచి, వ్రేళ్లు వణకుచుండగా కన్నులు మెరుపువలె ప్రక్కకు తిరుగును.

నాట్యమునకు ప్రాణము గమెలాన్ అను కంచు వాద్యబృందము. ఒక వరుసను ఇద్దరు పంచుకొందురు. ఒకడు విడిచిన సందున రెండవవాడు కొట్టును. వేగమున వినువారికి అది ఒక్కటే గానముగ తోచును. ఇద్దరిలో ఒక్కడే వాయించినచో పాట కుదురదు. వాద్యములును జంటలే. జంటలో నొకటి రెండవదానికంటె రవంత హెచ్చు శ్రుతిలో నుండుటచే నాదము అలవలె కంపించును.

కథలు రామాయణ భారతములనుండియు, జావా రాజుల గాథలనుండియు వచ్చినవి. ప్రాచీన జావా భాషకు ‘కవి’ యని పేరు. అందు 9వ శతాబ్ది ప్రాంతమున వెలసిన రామాయణము, సంస్కృత భట్టికావ్యమును చాలవరకు అనుసరించినది. వాయంగ్ వొంగ్ అను ముసుగు నాటకమున రామాదులు కవిభాషలోనే పలుకుదురు. సామాన్యులకు అది తెలియదు. రామపక్షమున తువాలెన్, మెర్దహ్ అను సేవకులును, రావణపక్షమున దెలెమ్, సంగుత్ అనువారును ఆ పలుకులను వాడుక భాషలో విప్పి చెప్పుచు నవ్వింతురు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగానిని, బంగారక్కను చూచినవారికి వీరు పరాయివారుగ తోపరు. బరోంగ్ ఆటలో చెప్పబడు ఒక కథయందు కుంతి సహదేవుని బలి యియ్య సిద్ధపడును. శివుడు ఆతనికి అమరత్వ మొసగును. ఇది కవిత్రయ భారతమున కానరాని కథ.

పూర్వము ఈ కళలకు రాజాస్థానములు ముఖ్యాశ్రయములు. 1906లో డచ్చి సేన బదుంగ్ రాజ్యముపైకి వచ్చినపుడు రాజును పరివారమును తెల్లని వస్త్రములు దాల్చి తుపాకుల కెదురేగి ప్రాణము లర్పించిరి. 1908లో క్లుంగ్‌కుంగ్‌నందును అట్లే జరిగెను. ఆస్థానములు కూలెను గాని కళ కూలలేదు. వాద్యములు పెక్కు గ్రామసంఘముల చేతికి వచ్చెను. కొన్నిటి కంచును కరిగించి క్రొత్తవి పోతపోసిరి. 1915 ప్రాంతమున ఉత్తరబలిలో కెబ్యార్ అను జవముగల సంగీతము ప్రబలెను. పగలు పొలమున దున్నినవాడే రాత్రి సాధనకు కూర్చుండెను. వాద్యములు సంఘమునకు ఉమ్మడి సొత్తు. సాధనకు రానివానికి జరిమానా విధించుటయు కలదు.

పిమ్మట వేరొక పరీక్ష వచ్చెను. 1931లో పారిస్ వలస ప్రదర్శనమున బలి నర్తకులాడగా ఐరోపావాసు లచ్చెరువందిరి. ఆ దశకముననే వాల్టర్ స్పీస్ అను జర్మను చిత్రకారుడును, వాయన్ లింబక్ అను నర్తకుడును, సంఘ్యాంగ్‌నందలి పురుషుల ‘చక్ చక్’ గానమును రామాయణకథతో జోడించి కెచక్ ప్రదర్శనమును తీర్చిరి. 1969లో అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన పిదప యాత్రికులు వెల్లువగ వచ్చిరి. రూకలిచ్చినవారి కోరికపై, వారు చెప్పినంతసేపు, దేవతల నాట్యమును ఆడవచ్చునా? ఆడకున్న బీదతనము, ఆడినచో దేవునికి మిగులున దేమి?

1971లో దెన్‌పసార్ నగరమున పండితులును, కళాకారులును, మతాధికారులును సమావేశమై ఈ ప్రశ్నను చర్చించిరి. పవిత్రము, లౌకికము అను భేదమును తెలుపుటకు వారి భాషలో సరియైన పదములే లేకుండెను. ఐరోపా పదములను అరువు తెచ్చుకొనిరి. తుదకు ప్రాంగణముల పద్ధతియే దారి చూపెను. ‘వలి’ నాట్యములను ధనమునకు ఆడరాదనియు, వెలుపలి ప్రాంగణపు నాట్యములను యాత్రికులకు చూపవచ్చుననియు తీర్మానించిరి. కొన్ని బృందములు ప్రతిష్ఠచేసిన ముసుగును ఆలయముననే యుంచి, యాత్రికులకై ప్రతిష్ఠలేని మరియొక ముసుగును చేయించుకొనెను.

తీర్మానమునకు కళ పూర్తిగ లోబడునా? పెందెత్ అనునది స్త్రీలు పుష్పములతో ఆలయమున దేవతలకు చేయు స్వాగతనృత్యము. అది వేదికపైకి రాగా, దేవునికి చల్లవలసిన పువ్వులు యాత్రికులపై పడుచున్నవని పెద్దలు నొచ్చుకొనిరి. నాట్యవిద్యాలయమువారు అతిథులకై పన్యెంబ్రమ అను క్రొత్త నృత్యమును కూర్చిరి. అది మిక్కిలి అందముగ నుండుటచే, కొంతకాలమునకు గ్రామస్థులు దానినే ఆలయమునకు గొనిపోయి దేవతల యెదుట ఆడసాగిరి! మేలైనది ఏది దొరకినను దేవునికే ముందు చూపవలెనను తలంపు వారిది. కావున ఆ గడపలు రెండు వైపులకును తెరచియున్నవి; ఏది ఏ గడప దాటవలెనో తలచి చూచు జనులుండుటయే ముఖ్యము.

2015లో యునెస్కో ఈ మూడు తెగల నాట్యములను మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. అది గౌరవమే. కాని ఆ కళను నిలిపినది పట్టిక గాదు. సింగరాజ పట్టణమున 1928లో నెలకొల్పబడిన కీర్త్య గ్రంథాలయమున వేలకొలది తాళపత్రములు భద్రముగ నున్నవి. గ్రామములయందు పఠనసంఘములు కూడి, ఒకరు కవిభాషలోని పద్యమును రాగయుక్తముగ చదువగా, వేరొకరు అర్థము చెప్పుదురు. పురాణ కాలక్షేపము నెరిగిన ఆంధ్రులకు ఈ దృశ్యము సుపరిచితము. పెట్టెలోని గ్రంథము అట్లు గొంతులోనికి వచ్చును. గొంతునుండి రంగస్థలమున కెక్కును. చదువువారు మానినచో తాళపత్రమును, ఆడువారు మానినచో కంచును మిగులును. గమెలాన్ జంటలో ఒకడు విడిచిన సందున రెండవవాడు కొట్టుచున్నంత కాలము ఆ పాట సాగును. ఒక తరము విడిచిన చోట వేరొక తరము అందుకొనుటయు అట్టిదే.