కొరియా పులుసు – మన తెలుగు



ఉగాదినాడు వేపపూత పచ్చడి మాట విడిచి, ఎక్కడో ఉన్న కొరియా దేశపు పులుసు మాట ఎత్తుకొన్నారేమిటని మీరు అనుకోవచ్చును. కారణం లేకపోలేదు. విజయనగర రాజులు 1565 తరువాత రాజధాని చేసుకొన్న పెనుగొండ దగ్గర 2019 నుంచి కొరియావారి కియా కార్లు తయారవుతున్నవి. ఆ పనిమీద వచ్చిన కొరియావారు అనంతపురం ప్రాంతంలో కాపురాలు పెట్టుకొన్నారు. అక్కడ ఉద్యోగం చేసే మా బంధువుల పిల్లవాడు ఈ వంట నేర్చుకొని వచ్చి, ఇక్కడ రాజపాళయంలో మా పొయ్యిమీద చేసి చూపినాడు. అప్పటినుంచి అది మా ఇంటి వంట కూడా అయినది.

దాని పేరు బుదే జిగే. బుదే అంటే సైనికదళం. జిగే అంటే చిక్కని పులుసు. 1950 జూన్‌లో మొదలై 1953 జూలైలో ఆగిన యుద్ధంలో కొరియా నలిగిపోయినది. క్షతగాత్రుల సేవకు మన దేశం కూడా 60వ పారాచూట్ వైద్యదళాన్ని పంపినది. సియోలుకు ఉత్తరాన ఉయిజొంగ్బు వంటి ఊళ్ళ పక్కన అమెరికా సైనిక శిబిరాలు ఉండేవి. ఆ శిబిరాలలో తినగా పారవేసినది ఏరి తెచ్చుకొని, గంజిలా కాచి తాగి బ్రతికినవారు ఉన్నారు. ఎంగిలి అన్నమాట ఎంత బరువైనదో మీకు చెప్పనక్కరలేదు. తరువాత శిబిరాలనుంచి చాటుగా బయటికి వచ్చిన డబ్బా మాంసాన్ని, సాసేజీలను తమ కిమ్చీతో కలిపి ఉడికించుకొన్నారు. అదే ఈ పులుసు. నేడు ఉయిజొంగ్బులో దాని పేర ఒక వీధే ఉన్నది.

ఇక చేసే విధానం. ముందు కిమ్చీ కావాలి. కిలో క్యాబేజీని పెద్ద ముక్కలుగా కోసి, గుప్పెడు కల్లుప్పు పట్టించి రెండు గంటలు ఉంచి, కడిగి వాడ్చాలి. అల్లం, వెల్లుల్లి నూరి, మూడు చెంచాల కారంతో కలిపి, జాడీలో అదిమిపెట్టాలి. మన ఎండకు ఒకటి రెండు రోజులలో పులుపెక్కుతుంది. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి వారం ఆగితే మరీ మంచిది.

నలుగురికి ఒకటిన్నర గిన్నెల కిమ్చీని చెంచాడు నూనెలో వేయించి, ఉల్లిపాయ, సాసేజీ ముక్కలు వేయాలి. మాంసం తిననివారు పుట్టగొడుగులు వేసుకోవచ్చును. సోయాతో పులియబెట్టిన మిరపముద్ద, గోచుజంగ్, ఒక చెంచా కలపాలి. దొరకకపోతే కారం, కాస్త బెల్లం వేసి సరిపెట్టుకోవాలి, కాని ఆ రుచి రాదు. బియ్యం కడిగిన రెండో నీళ్ళు నాలుగు గిన్నెలు పోసి పావుగంట మరగనిచ్చి, చివర నూడుల్స్ వేసి మూడు నిమిషాలలో దింపాలి. ఉప్పు ఆఖరున రుచి చూసి వేయాలి. కుండ నడుమ పెట్టుకొని అందరూ చుట్టూ కూర్చుని వేడి అన్నంతో తినాలి. మా ఇంటి పెద్దామె రుచి చూసి, "ఇది పులుసే గదర్రా!" అన్నది.

ఒకసారి తొందరపడి పచ్చి క్యాబేజీతో కానిచ్చాము. మిగిలిన దినుసులన్నీ వేసినాము. అయినా అది మాంసం వేసిన కారపు నీళ్ళుగానే మిగిలినది. అప్పుడు మాకు అర్థమైనది. డబ్బా మాంసం అమెరికాది; మిరప కూడా అమెరికా ఖండాలలో పుట్టిన పంటే. అయినా ఆ పులుసు కొరియాది, ఎందుకంటే అడుగున పులిసిన కిమ్చీ ఉన్నది.

మన సంగతి చూడండి. మన తెలుగులో సగం తమిళం కలిసినది. బెజవాడలో నోరు విప్పితే, "మీరు అరవవారా?" అని అడుగుతారు. మన పిల్లలు సిగ్గుపడి తమిళంలోకో ఇంగ్లీషులోకో మారిపోతారు. కలిసినందుకు సిగ్గెందుకు? ఆకలినాటి కలగలుపును కొరియావారు పదిమందికీ వడ్డిస్తున్నారే! మనం భయపడవలసినది కలపటానికి కాదు, అడుగున వేయవలసినది వేయకపోవటానికి. మాట మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. అక్షరమే చాలామందికి రాదు. ఈ సంచికను మన పిల్లలలో ఎందరు చదవగలరు?

కిమ్చీ ఒక పూటలో పులవదు. అక్షరమూ అంతే. ఇంటికి ఒక బిడ్డకైనా ఈ ఉగాదినుంచి ఓనమాలు దిద్దించండి. వచ్చే ఏటి సంచికను వారే మనకు చదివి వినిపించాలి. ఆనాడు పులుసు మేము వండి తెస్తాము.

సెలవు.