పెట్టె కంటే ముందు పేరు సర్దుకోండి

(కైరుప్పలలో, విదేశాలకు చదువు కోసం బయలుదేరుతున్న విద్యార్థుల వీడ్కోలు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరు విడిచి వెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. వానలు మొహం చాటేసిన ఏడు ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. బయలుదేరే ముందు వారు మూడు ప్రశ్నలు అడుగుతారు. రాత్రి ఎక్కడ పడుకోవాలి? నీళ్లు ఎక్కడ? మేస్త్రీ నమ్మకస్తుడేనా? షికాగో వెళ్లే విద్యార్థికి కూడా మొదటి వారంలో ఎదురయ్యే ప్రశ్నలు ఇవే. అయితే అక్కడ నాలుగో ప్రశ్న ఒకటి ఉంటుంది: కాగితంలో నీ పేరు ఏమని ఉంది? ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా కాగితాలు రాసినవాణ్ణి కనుక ఆ ప్రశ్న గురించే ఎక్కువగా మాట్లాడతాను.

మా వీధి కుర్రవాడొకడు కొన్నేళ్ల క్రితం ఆగస్టు నెలలో షికాగో వెళ్లాడు. పాస్‌పోర్టులో అతని పేరంతా ఒకే గడిలో ఉంది. ఇంటిపేరు గడి ఖాళీ. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరును ఇంటిపేరు గడిలోకి మార్చి, అసలు పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. మార్కుల పత్రాల్లో మాత్రం 'షేక్' ముందు ఉంది. విశ్వవిద్యాలయం ఆ పత్రాల ప్రకారం పేరు నమోదు చేసుకుంది. బ్యాంకుకు వెళితే రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపించాయి. ఖాతా తెరవడం ఆగిపోయింది. తండ్రి పంపవలసిన డబ్బు పంపే దారి లేదు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు తన పేరు బదులు ఆ మూడక్షరాలే వినిపించాయట.

ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి నాకు ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి పదిన్నర. "చాచా, అమ్మీకి చెప్పొద్దు. నాలుగు రోజులుగా రొట్టె, పాలతోనే గడుపుతున్నాను. పెట్రోలు బంకులో రాత్రిపూట పని ఉందట, చేతికే డబ్బిస్తారట. వెళ్లమంటారా?" అన్నాడు. వద్దన్నాను. వద్దని చెప్పడం తేలికే, ఆకలితో ఉన్నది నేను కాదు కదా!

విద్యార్థి వీసా మీద వెళ్లినవారు చదువు సాగుతున్న రోజుల్లో విశ్వవిద్యాలయం ఆవరణలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో బయటి పనికి అనుమతి లేదు. చేతికి డబ్బిచ్చే ఆ రాత్రి పని బయటపడితే వీసా పోతుంది, చదువూ పోతుంది. తండ్రి తాకట్టు పెట్టిన పొలం మాత్రం తాకట్టులోనే ఉంటుంది.

అల్లాహ్ దయ వల్ల ఆ వారం శుక్రవారం వచ్చింది. షికాగోలో డెవాన్ అవెన్యూ అనే వీధి ఉంది. హైదరాబాదీ హోటళ్లు, హలాల్ మాంసం దుకాణాలు, దగ్గరలోనే మసీదులు ఉన్నాయి. జుమా నమాజు తర్వాత ఒక హైదరాబాదీ పెద్దాయన ఇతని మొహం చూసి, ముందు అన్నం పెట్టించి, తరువాత సంగతి అడిగారు. "విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉన్నది నీ కోసమే, రేపు సోమవారం అక్కడికి వెళ్లు" అని చెప్పారు. వెళ్లాడు. వారు పాస్‌పోర్టు ప్రకారం పేరు సరిచేసి, బ్యాంకుకు ఉత్తరం ఇచ్చారు. వారం రోజుల్లో ఖాతా తెరుచుకుంది.

ఇప్పుడు నేను చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. ఆ పాస్‌పోర్టుకు ఆధారమైన జనన ధృవీకరణ పత్రం రాసింది నేనే. తండ్రి నిరక్షరాస్యుడు. పేరు ఎలా రాయాలో నేను అడగలేదు, రాసింది చదివి వినిపించలేదు. వరుసలో యాభై మంది ఉన్నారన్నది నా సాకు. షేక్, షేక్ష, షైక్ అని ఒకే ఇంట్లో అన్నదమ్ములకు మూడు రకాలుగా రాసిన చేతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో నా చెయ్యి కూడా ఉంది. 2019 చివర పౌరసత్వ చర్చ వచ్చినప్పుడు మన ఇళ్లలో పాత పెట్టెలు దించి కాగితాలు వెతుక్కున్న రాత్రులు మీకు గుర్తుండే ఉంటాయి. పేరు సరిగా రాయించుకోవడం మన హక్కు. ఆ హక్కును అడగడం మనం నేర్చుకోలేదు, గౌరవించడం నాలాంటివారు నేర్చుకోలేదు.

మేస్త్రీ సంగతి కూడా చెబుతాను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. వెయ్యిమందికి పైగా విద్యార్థులు, వారిలో ఎందరో తెలుగు పిల్లలు, వీధిన పడ్డారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. దళారి మాట నమ్మి చేరినవారు అందులో ఉన్నారు. కనుక విశ్వవిద్యాలయం పేరును, దాని గుర్తింపును మీరే స్వయంగా చూసుకోండి.

అప్పు సంగతి ఇంకా బరువైనది. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై వడ్డీ భారం తగ్గించిన 'పఢో పర్‌దేశ్' పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. దాన్ని తిరిగి అడగడం మన బాధ్యత. అది వచ్చేదాకా ప్రతి రూపాయి వడ్డీ ఈ ఇంటి మీదే పడుతుంది.

బిడ్డలారా, దిగిన మొదటి వారంలోనే విదేశీ విద్యార్థుల కార్యాలయంలో హాజరు వేయించుకోండి. తరగతులు మొదలైన 30 రోజుల్లో మీ నమోదు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కాలి. దేశంలోకి ప్రవేశించిన రికార్డులో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. జర్మనీ వెళ్లేవారు ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆపద వస్తే భారత కాన్సులేటు ఉందని మరవకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆకలేస్తే ఇంట్లో చెప్పండి. తల్లిదండ్రులారా, బిడ్డ కష్టం చెప్పినప్పుడు ముందు అప్పు మాట ఎత్తకండి.

ఇక నా ప్రతిపాదన. ఆదోనిలో, ఎమ్మిగనూరులో జుమా నమాజు తర్వాత ఒక గంటపాటు ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. ఎవరింట్లో ఏ కాగితంలో పేరు తప్పుందో చూసి, సరిచేసే దరఖాస్తు అక్కడే రాసిద్దాం. ఒక కుర్చీలో నేను కూర్చుంటాను. ఈసారి రాసే ముందు పేరు అడుగుతాను, రాశాక చదివి వినిపిస్తాను.

అల్లాహ్ మీ ప్రయాణాన్ని సుగమం చేయుగాక. ఆమీన్.