గోడ మీది బూజు: చంపితే చాలదు



2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ పేటల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి గానీ, గోడ తాగిన నీటిని ఏ ఇంజనూ తోడలేదు. అలాంటి గోడ మీద నల్లగా, పచ్చగా బూజు లేస్తే మనం చేసే పని తెలిసిందే. బ్లీచింగ్ చల్లి, పైన సున్నం కొట్టేస్తాం. మళ్లీ ముసురు పట్టేసరికి అదే చోట అదే మచ్చ!

బూజు ఒక శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసిందల్లా చెమ్మ. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పుట్టుకొస్తుంది. ఇంకో సంగతి, చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెంచుతుంది. కాబట్టి దాన్ని చంపి ఊరుకుంటే కాదు, గోడ మీంచి తీసేయాలి.

ముందు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. డాబా పగులో, పైపు లీకో, దాన్ని ఆపండి. పిల్లల్ని, గర్భిణుల్ని, ఉబ్బసం ఉన్నవాళ్లను బయటికి పంపండి. ఎన్95 మాస్కు, రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పొడి చీపురు ముట్టుకోకండి, ఫ్యాను వేయకండి. బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. మచ్చను తడిపి, సర్ఫు నీళ్లతో రుద్ది, తడిగుడ్డతో తుడిచెయ్యండి. మచ్చ మూడడుగుల పొడవూ వెడల్పూ దాటితే పనివాళ్లను పిలవండి. స్టీలు, గాజు కడిగితే చాలు. దూది పరుపులోకి బూజు దిగితే మాత్రం పారేయక తప్పదు.

మచ్చ మొండికేసిందని బ్లీచింగ్ నీళ్లలో బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం కలపకండి! వెంటనే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక పెయింటు. గోడ పైకి ఆరినట్టే ఉంటుంది, నమ్మకండి. జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు దాని లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా తడిగానే ఉన్నట్టు. కిటికీలు తీసి ఇంకొన్నాళ్లు ఆరనివ్వండి. ఆ కవరు పొడిగా ఊడి వచ్చాకే పెయింటరుకు కబురు పెట్టండి.