మానని పుండును దాచవలదు
(ప్రసంగ పాఠము)



రొమ్ము కేన్సరునకు రేడియేషను పొందిన స్త్రీలలో కొందరికి చర్మము గట్టిపడి, రక్తప్రసారము తగ్గి, పుండు మానకుండును. ఇది కర్మఫలము కాదు, అంటువ్యాధియు కాదు.

అట్టిచోట కృత్రిమముగా అమర్చినది నిలుచుట కష్టము. కావున వైద్యులు వ్యాధి తిరుగబెట్టలేదని నిర్ధారించుకొని, వీపునుండి గాని పొత్తికడుపునుండి గాని రక్తనాళములతోగూడ మాంసమును తెచ్చి రొమ్మును తిరిగి నిర్మింతురు. వీపు కండతో చేయు పద్ధతిని ఇటలీ వైద్యుడు టాన్సీని 1906లోనే ప్రకటించెను.

హైదరాబాదున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో బంధువులున్నవారు అచట బసచేయవచ్చును. 1955లో స్థాపితమైన ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో కలదు.

మేము మనవి చేయునది ఒక్కటే: సిగ్గుచే బాధను దాచుకొను సోదరికి ఈ మాట చేర్పుడు, వైద్యులకు చూపించుకొనునట్లు ప్రోత్సహింపుడు.