తల్లి పేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమునాడు బీరువాలలో ఎన్ని గ్రంథములు చేరినవని లెక్కించుట వాడుక. అవి ఎవరి జీవితములలో చేరినవో కూడ లెక్కింపదగును.

ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయమున జబాల కథ కలదు. ఆమె యౌవనమున పరిచర్యలు చేసికొని బ్రదుకుచు కుమారుని కనినది. ఆ సత్యకాముడు గురువును వెదకికొని పోవుచు తన గోత్రమేదని యడుగగా, తెలియదని దాపరికము లేక చెప్పి, తన పేరునే వాని పేరునకు జోడించి పంపెను. హారిద్రుమత గౌతముడు ఆ సత్యమునకు సంతసించి శిష్యునిగా గైకొని, బక్కచిక్కిన నాలుగువందల గోవులను అప్పగించెను. అవి వేయి యగువరకు తిరిగి రానని బాలుడు పోయెను. గోవులు వేయి యయ్యెను. బాలునకు జ్ఞానమును కలిగెను. కాని ఆ యేండ్లలో ఇంట మిగిలిన జబాల యేమయ్యెనో ఉపనిషత్తు చెప్పలేదు.

చెప్పని ఆ భాగమును నేటికిని ఎందరో తల్లులు అనుభవించుచున్నారు. అట్టి యొక తల్లి ఒక పల్లెయందు కలదు. కుమారునకు నాలుగేండ్లు నిండకయే భర్త గతించెను. ఎకరమున్నర మాగాణి కౌలునకిచ్చి, రెండు గేదెలను మేపి, కుట్టుమిషనుపై రవికలు కుట్టి, కుమారుని ఇంటర్మీడియట్టు గట్టెక్కించెను. ఊరివారి నోట ఆమె ‘ఆ పిల్లవాని తల్లి’. అతడు ఇంజనీరింగు కళాశాలకు పోయెను. మొదటి వారమంతయు ఆమె అలవాటు చొప్పున ఇద్దరికి బియ్యము కొలిచి, మిగిలిన అన్నమును గేదెల కుడితిలో కలిపెను. తెల్లవారుజామున మెలకువ వచ్చుచుండెను, లేపవలసినవారు లేరు.

కుమారుడు తిరిగి యిచ్చుట మరచిన వచన భారతమొకటి గూటిలో నుండెను. దానిని గ్రంథాలయమున అప్పగింప బోవుచు, తెరచి చూడగా ఆశ్రమవాస పర్వము కనబడెను. కుంతియు భర్త లేక బిడ్డలను పెంచిన తల్లియే. బిడ్డలు వనవాసమునకు పోగా విదురుని యింట దినములు లెక్కించినది. యుద్ధము గెలిచి, పదునైదేండ్లు కుమారుల రాజ్యమున నున్న పిదప, ధృతరాష్ట్ర గాంధారులతో అడవికి బయలుదేరెను. ధర్మరాజు ఎంత వేడినను మరలలేదు. బిడ్డలను యుద్ధమునకు పురికొల్పుట వారు దైన్యము పాలు గాకుండుటకే గాని, వారు గెలిచిన రాజ్యము తాను అనుభవించుటకు కాదనెను. కనులకు గంతలు కట్టుకొనిన గాంధారి భుజముపై చేయివేయగా ముందు నడచెను.

ఈ తల్లి ఆ ఘట్టమును మూడుమారులు చదివెను. తల్లి బాధ్యత తీరిన పిదపను తన దారి యనునది యొకటి మిగిలియుండునని ఆమెకు తోచెను. పుస్తకము తిరిగి యిచ్చుచు, రిజిస్టరు వ్రాయు యువకునితో తనకును సభ్యత్వము కావలెననెను.

“మీ అబ్బాయి పేర ఉన్నది గదా, పిన్నిగారూ?”

“వాడు చదువుకొన బోయినాడు నాయనా. ఇప్పుడు చదువవలసినది నేను. నా పేర వ్రాయుము.”

యువకునకు ఆ పేరు తెలియదు. అడిగి వ్రాసికొనవలసి వచ్చెను.

కుమారుడు పోగా తల్లికి పుస్తకముల పిచ్చి పట్టినదని కొందరు నవ్విరి. కుమారుడును ఫోనులో, “పొద్దు గడవక చదువుచున్నావా, అమ్మా?” అనెను. “పొద్దు చాలక,” అని ఆమె బదులు చెప్పెను. ఎనిమిదవ తరగతితో ఆగిన చదువును సార్వత్రిక పాఠశాల ద్వారా సాగించుచున్నది. గణితమున చిక్కు వచ్చినపుడు కుమారునే అడుగుచున్నది. అతడిప్పుడు నవ్వుట లేదు.

ఇది వింత గాదు. 1919లో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలిత, చిన్నవయసుననే భర్తను గోల్పోయి, పసిబిడ్డ తల్లియై యుండి గిండీ కళాశాలయందు ఇంజనీరింగు చదివి, దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొకరైరి. ఇంటనుండియే పట్టము పొందుటకు 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. దారి కలదు, గడప దాటుటయే కష్టము.

కావున గ్రంథాలయ నిర్వాహకులకు ఒక విన్నపము. పాలు పోసి, వంట ముగించిన స్త్రీలకు వీలగు మధ్యాహ్నవేళ తలుపులు తెరచియుంచుడు. రాలేనివారికి పుస్తకమే ఇంటికి పంపుడు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథములను పంపిరి. ఒక వీధి దాటించుట భారము కాదు. రిజిస్టరులో మాత్రము ఎవరి తల్లియని గాక, ఆమె పేరే వ్రాయుడు.

స్వస్తి.