పేర్లు మార్చినంత మాత్రాన కోడ్ మనదవుతుందా?

ఈ ఎపిసోడ్‌లో కోడ్ కాపీ కొట్టడం గురించి మాట్లాడుకుందాం. ముందు నా సంగతే చెప్తాను. ఎందుకంటే ఈ కథలో దొంగని నేనే.

బీటెక్ సెకండ్ ఇయర్, డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్. పొద్దున్నే లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్ సబ్మిట్ చేయాలి. రాత్రి పదకొండైంది, నా దగ్గర ఒక్క లైన్ కూడా లేదు. రూమ్మేట్‌ని అడిగాను. "తీస్కోరా, కానీ కొంచెం మార్చు" అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. నేను మార్చాను కూడా! వాడి వేరియబుల్ పేర్లన్నీ తీసేసి నావి పెట్టాను. కామెంట్లు కొత్తగా రాశాను. పైనున్న ఫంక్షన్లని కిందికి, కిందవి పైకి జరిపాను. చివరికి చూస్తే, నిజంగా నేనే రాశానేమో అనిపించింది.

వారం తర్వాత మేడమ్ మా ఇద్దర్నీ పిలిచారు. స్క్రీన్ మీద రెండు ప్రోగ్రాములు పక్కపక్కనే ఉన్నాయి. ఒకేలా ఉన్న చోటల్లా రంగు వేసి ఉంది. దాదాపు మొత్తం రంగే.

అంత మార్చినా ఎలా దొరికానో అప్పుడు అర్థం కాలేదు. ఇలాంటి టూల్స్‌లో బాగా పేరున్నది 'మాస్'. అలెక్స్ ఐకెన్ అనే ప్రొఫెసర్ 1994లో దీన్ని తయారు చేశారు. దీని వెనకున్న పద్ధతిని ఆయన, ఇంకో ఇద్దరు కలిసి 2003లో పేపర్‌గా రాశారు. దాని పేరు 'విన్నోయింగ్', అంటే మన తూర్పారబట్టడమే. పొట్టు ఎగిరిపోవాలి, గింజ మిగలాలి.

ఎలాగంటే, ముందు స్పేస్‌లు, కామెంట్లు పోతాయి. వేరియబుల్ పేరు ఏదైనా సరే, దాని బదులు ఒకే గుర్తు పడుతుంది. అంటే నేను రాత్రంతా చేసిన పని మొదటి స్టెప్పులోనే గాలికి పోయింది. తర్వాత మిగిలిన వరసని చిన్న ముక్కలుగా కోస్తారు. 'విశాఖపట్నం' అనే పేరుని మూడేసి అక్షరాలుగా కోస్తే 'విశాఖ', 'శాఖప', 'ఖపట్నం' వస్తాయి కదా, అలా. ప్రతి ముక్కకీ లెక్క కట్టి ఒక నంబర్ ఇస్తారు. పక్కపక్కనున్న కొన్ని నంబర్లలో అన్నిటికంటే చిన్నదాన్ని మాత్రం ఉంచుతారు. అవే ఆ ప్రోగ్రామ్ వేలిముద్రలు. అవే ముద్రలు ఇంకో ఫైల్లో ఉన్నాయా అన్నదే ప్రశ్న. కాబట్టి ఫంక్షన్ పైనున్నా, కిందున్నా దొరుకుతుంది. క్లాసులో అందరికీ ఇచ్చిన స్టార్టర్ కోడ్ ఉంటే, దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు.

కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకేలా ఉన్నాయని మాత్రమే టూల్ చెప్తుంది. ఎవరు ఎవరిది తీసుకున్నారో చెప్పదు. తప్పో కాదో కూడా చెప్పదు. అది మనుషులే తేల్చాలి.

గూగుల్, ఒరాకిల్ కేసే చూడండి. జావాలోని 'రేంజ్‌చెక్' అనే ఫంక్షన్ 9 లైన్లు. ఆండ్రాయిడ్‌లో అవే లైన్లు కనిపించాయి. 2012లో జ్యూరీ దాన్ని ఉల్లంఘనే అంది. కానీ ఆ కేసు విన్న జడ్జి విలియం ఆల్సప్‌కి స్వయంగా కోడింగ్ వచ్చు. అలాంటి కోడ్ తాను ఎన్నోసార్లు రాశానని కోర్టులోనే అన్నారు. అసలు పెద్ద గొడవ ఇంకోటి. జావా ఏపీఐ నుంచి తీసుకున్న దాదాపు 11,500 లైన్ల మీద అది ఏళ్ల తరబడి నడిచింది. 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6-2 మెజారిటీతో అది 'ఫెయిర్ యూజ్' అని తేల్చింది. 9 లైన్లు తప్పయ్యాయి, 11,500 లైన్లు తప్పు కాలేదు. లైన్లు లెక్కపెడితే సరిపోదన్నమాట.

మరి మన దగ్గర? 1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. మీరు రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకి ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు ఓనర్ కంపెనీయే. జాబ్ మారేటప్పుడు పాత కోడ్ పట్టుకెళ్లేవాళ్లు ఇది గమనించాలి. ఇంకోటి, గిట్‌హబ్‌లో కనబడిందంతా ఫ్రీ కాదు. లైసెన్స్ ఫైల్ లేదంటే అనుమతి లేదనే లెక్క. ఎంఐటీ లైసెన్స్ ఉంటే వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ వాళ్ల కాపీరైట్ నోటీసు, లైసెన్స్ మాటలు అలాగే ఉంచాలి. ఏ కోడ్ తీసుకున్నా, అది ఎక్కడిదో పైన ఒక కామెంట్ రాసుకోండి. ఆ ఒక్క లైన్ రేపు మీకే పనికొస్తుంది.

మళ్లీ ఆ ల్యాబ్‌కి వద్దాం. "ఒరిజినల్ ఎవరిది?" అని మేడమ్ అడిగారు. నేను నేల చూపులు చూశాను. వాడు నా పేరు చెప్పలేదు. ఇద్దరికీ సున్నా.

ఈ ఎపిసోడ్ చేస్తున్నానని మొన్న వాడికి ఫోన్ చేసి, సారీ చెప్పాను. కాసేపు నవ్వాడు. తర్వాత అన్నాడు: "మార్కులు పోతే పోయాయిరా. ఆ కోడ్ నాదని నువ్వు ఒక్క మాట అనుంటే బాగుండేది."

చెప్తున్నా ఇప్పుడు. ఆ కోడ్ వాడిదే.

మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్. బై!