వాక్యమును, తొవ్వయు

(అశోక్‌నగర్ గృహ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సమయమున చైనా తత్త్వమును గూర్చి మాట్లాడనేల అని మీరు అడుగవచ్చును. దానికి కారణము ఈ పేటలోనే ఉన్నది.

యోహాను సువార్త మొదటి వచనమున గ్రీకు మూలములో "లోగోస్" అను మాట ఉన్నది. మాట, హేతువు అని దాని అర్థములు. మన తెలుగు బైబిలులో అది "వాక్యము" అయినది. 1919లో వెలువడిన చైనా యూనియన్ బైబిలులో అనువాదకులు అచ్చట "దావ్" అను మాట నుంచిరి. దావ్ అనగా మార్గము. పలుకుట అనియు అర్థము కలదు.

ఈ రెండు మాటలలో రెండు సంప్రదాయముల పోకడ కొంత కనబడుచున్నది. క్రీ.పూ. 399లో విషము త్రాగి మరణించిన సోక్రటీసు "న్యాయమనగా ఏమి? భక్తియనగా ఏమి?" అని అడుగుచు, అందరికిని ఎల్లప్పుడును చెల్లు నిర్వచనమును వెదకెను. కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) ఎదుటి మనిషిని చూచి బదులు చెప్పెను. విన్న మంచిని వెంటనే చేయవలెనా అని ఇద్దరు శిష్యులు వేర్వేరుగా అడిగిరి. ఒకనితో, ఇంట తండ్రియు అన్నలును ఉండగా తొందరేల అనెను. రెండవవానితో, వెంటనే చేయుమనెను. మొదటివాడు దుడుకువాడు, రెండవవాడు వెనుకాడువాడు. అందుకే ఆ భేదము.

అట్లని పాశ్చాత్యులు ఆలోచించుటకే, చైనీయులు నడచుటకే పుట్టిరనరాదు. సోక్రటీసు తాను నమ్మినదాని కొరకు ప్రాణమిచ్చెను. చైనాలో మోజీ శిష్యులు నిర్వచనములను వ్రాసిరి.

ఇక మా సంగతి. 1964లో రాజమండ్రిలో ఆరంభమై, తరువాత మన దిగువ ట్యాంక్‌బండ్ ప్రక్కకు వచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో మేము లోగోస్‌ను గూర్చి చదివితిమి. ఒక ఆదివారము ఆ వచనము మీదనే ముప్పావు గంట ప్రసంగించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఈ పేటలోని ఒక వృద్ధురాలు మా చేయి పట్టుకొని, "అయ్యగారూ, వాక్యం మంచిగ చెప్పిన్రు. మా ఇంటి తొవ్వ మరిచిన్రా?" అనెను. అప్పటికి ఆమె భర్తను సమాధి చేసి నాలుగు నెలలు. ఆనాటి నుండి మేము ఆ గుమ్మము త్రొక్కలేదు. ఆమె ఇల్లు మాకు నాలుగు సందుల దూరమే.

చైనీయుల దావ్‌కు మన ఇండ్లలోని సరియైన మాట "తొవ్వ"యే అని ఆనాడు తెలిసికొంటిమి. ఆ సాయంకాలమే వెళ్లితిమి. ఏమియు బోధింపలేదు. ఆమె ఇచ్చిన టీ త్రాగుచు, ఆమె తన భర్త ముచ్చట్లు చెప్పుచుండగా వింటిమి.

వాక్యమని పిలువబడిన ప్రభువే అదే సువార్త 14వ అధ్యాయమున తన్ను మార్గమని చెప్పుకొనెను. నూరేండ్లు మన సంఘములు వాక్యమును వినినవి. ఈ వారము మనలో ప్రతి ఒక్కరమును ఎవరి ఇంటి తొవ్వ మరచితిమో జ్ఞాపకము చేసికొని, ఆ గుమ్మము త్రొక్కుదుము గాక. ఆమేన్.